మందు వికటించి ఆసుపత్రి పాలు కాకుండా ఇంట్లో చేయాల్సిన పని

మందు వికటించిందనగానే ఇంజక్షన్ వేసిన ఐదు నిమిషాలకే కుప్పకూలిన మనిషి గుర్తొస్తాడు. అదీ జరుగుతుంది. కానీ మందుల వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లలో ఎక్కువమందికి కష్టం అంత గబుక్కున రాదు. ఇంగ్లండులో రెండు ఆసుపత్రుల్లో చేరిన 18,820 మందిని పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 6.5 శాతం అడ్మిషన్లకు మందుల దుష్ప్రభావంతో సంబంధం ఉందని తేలింది. ముందు వరసలో ఉన్నవి గుండెకిచ్చే చిన్న డోసు ఆస్పిరిన్, నీరు తీసే మాత్రలు, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, నొప్పుల మాత్రలు. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్ల మీద 2011లో వచ్చిన అధ్యయనంలోనైతే అత్యవసరంగా చేరినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి కారణం నాలుగు రకాల మందులే: వార్ఫరిన్, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్-క్లోపిడోగ్రెల్ లాంటివి, షుగర్ మాత్రలు. ఇవన్నీ కర్నూలులో, కడపలో, అనంతపురంలో ఏ ఇంటి గూట్లో చూసినా కనిపించేవే.

ఐదేళ్లు పడిన మాత్ర ఆరో ఏట ఎందుకు పడదు? చాలాసార్లు మాత్ర అదే ఉంటుంది, దాని చుట్టూ ఏదో మారుతుంది. ఎండ ముదురుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఉపవాసం వస్తుంది, మోకాళ్లకని మరో మాత్ర తోడవుతుంది, వయసు మీద పడి కిడ్నీ నెమ్మదిస్తుంది. ఆ మార్పును పట్టుకోవడమే ఇంట్లోవాళ్ల పని.

ముందు సంచి, తర్వాత కాగితం

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక గుడ్డ సంచిలో వేయండి. ఫ్రిజ్ మీదివి, దిండు కిందివి, దేవుడి గూట్లోవి, సగం వాడి వదిలేసిన యాంటీబయాటిక్, కంటి చుక్కలు, మోకాళ్లకు రాసే పూత, నాటువైద్యుడిచ్చిన పొడి, మెడికల్ షాపులో విడిగా కాగితంలో చుట్టిచ్చిన ‘సెట్టు’ మాత్రలు, ఏదీ వదలొద్దు. చివరి రెండింటి మీద మరింత అనుమానం పెట్టుకోండి. సెట్టులో తరచుగా ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, వాటితో పాటు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. కీళ్లనొప్పులకు వెంటనే గుణం కనిపించే పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది. షుగర్ ఒక్కసారిగా ఎందుకు పెరిగిందో, మొహం ఎందుకు ఉబ్బిందో తెలియక తిరిగే ఇళ్లలో ముందు వెతకాల్సింది అక్కడే.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద ప్రతి మందుకూ ఒక వరస రాయండి: స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట ఎన్ని, దేనికోసం, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. కంపెనీ పేరు దాని కింద రాస్తే చాలు. అసలు పేరు ఎందుకంటే, జనౌషధి దుకాణంలో తెచ్చిన బీపీ మాత్ర టెల్మిసార్టాన్, బజారులో వేరే పేరుతో కొన్న టెల్మిసార్టాన్ రెండు వేర్వేరు మందులనుకుని రెండూ మింగేవాళ్లున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారంలో ఇది మరీ ఎక్కువ. డిశ్చార్జ్ రోజున మూడు ప్రశ్నలు అడగకుండా కదలొద్దు: పాతవాటిలో ఏవి ఆపాలి, ఏవి సాగాలి, కొత్తవి ఎన్ని రోజులు.

పేరు చివర ఉండే అక్షరాలు కూడా చూడండి. బీపీ మాత్ర పేరు వెనక ‘హెచ్’ ఉంటే సాధారణంగా లోపల నీరు తీసే మందు ఉన్నట్టు, ‘ఏఎం’ ఉంటే ఆమ్లోడిపిన్ ఉన్నట్టు. షుగర్ మాత్ర వెనక ‘ఎం’ మెట్‌ఫార్మిన్, ‘వి’ వోగ్లిబోస్. నొప్పి మాత్ర వెనక ‘పి’ అంటే పారాసిటమాల్. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు కాబట్టి అక్షరం చూసి అనుమానించాలి, స్ట్రిప్పు వెనక చదివి తేల్చుకోవాలి. పారాసిటమాల్ విషయంలో ఇది చాలా అవసరం. జ్వరం మాత్రలో, జలుబు మాత్రలో, నొప్పి మాత్రలో అదే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. అంటే 650 మిల్లీగ్రాములవి ఆరు. బక్కపలచని ముసలివాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు అంతవరకూ కూడా వెళ్లకూడదు, కాలేయం తట్టుకోదు.

షాపులో నాలుగు మాత్రలే కొన్నా పేరు, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క కత్తిరించి ఇమ్మనండి. కుదరకపోతే మొత్తం స్ట్రిప్పును ఫోన్లో ఫొటో తీసుకోండి. బిల్లు అడగండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, దాన్ని ఫోన్‌తో చూస్తే అసలు పేరు, బ్యాచ్, గడువు తేదీ వస్తాయి.

కాగితం అడుగున మూడు సంగతులు చేర్చండి: పడని మందులు, బరువు, చివరిసారి చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఏ తేదీన.

ఎండాకాలం, ఉపాధి పని, కిడ్నీ

మన మూడు జిల్లాల్లో అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది దీని దగ్గరే. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీల ఎండ. అదే సమయంలో ఉపాధి పనికి పోయి మట్టి తవ్వే యాభై అరవై ఏళ్లవాళ్లు. వాళ్లలో బీపీ మాత్ర వేసుకునేవాళ్లు, పని అయ్యాక నడుము పట్టేసిందని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజక్షన్ వేయించుకునేవాళ్లు చాలామంది.

కిడ్నీలోని జల్లెడ దగ్గర ఏం జరుగుతుందో కేసీ కాలువ కింద సాగు చేసే రైతుకు సులభంగా అర్థమవుతుంది. జల్లెడకు రక్తం వచ్చే దారిలో ఒక తూము, పోయే దారిలో ఒక తూము ఉన్నాయనుకోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ వచ్చే తూమును వెడల్పు చేసి, పోయే తూమును బిగించి, మధ్యలో ఒత్తిడి నిలబెట్టుకుంటుంది. నొప్పుల మాత్ర వచ్చే తూమును వెడల్పు కానివ్వదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ మాత్రలు పోయే తూమును తెరిచి పెడతాయి. నీటి మాత్ర, చెమట, విరేచనాలు కాలువలో నీటినే తగ్గిస్తాయి. మూడూ కలిసిన రోజు జల్లెడకు ఒత్తిడి అందదు, మూత్రం తగ్గిపోతుంది, క్రియాటినిన్ రెండు మూడు రోజుల్లోనే పెరిగిపోతుంది. విడివిడిగా చూస్తే మూడు మందులూ మంచివే, మంచి డాక్టర్లు రాసినవే.

అందుకే ఎండలు ముదరకముందే, మార్చిలో బీపీ చూపించుకునే రోజున డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి: ‘వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, తిండి నీళ్లు సరిగా పోకపోయినా ఏ మాత్రలు తాత్కాలికంగా ఆపాలి?’ మామూలుగా ఆ జాబితాలో ఉండేవి ఇవి: పైన చెప్పిన ప్రిల్, సార్టాన్ మాత్రలు, నీటి మాత్రలు, నొప్పుల మాత్రలు, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు. మామూలుగా తిని తాగడం మొదలయ్యాక 24 నుంచి 48 గంటలకు మళ్లీ మొదలుపెట్టమంటారు. మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోవడమూ ప్రమాదమే కాబట్టి తేదీ రాసుకోండి. గుండె బలహీనమై నీటి మాత్ర వాడేవాళ్లు మాత్రం ఫోన్ చేసి అడగకుండా ఆపకూడదు, నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇన్సులిన్ ఎప్పుడూ పూర్తిగా ఆపొద్దు. డోసు తగ్గించాలా అని అడగాలి.

డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రల గురించి ఇంకో మాట. ఇవి వేసుకునేవాళ్లకు తిండి లేని రోజుల్లో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి రక్తం ఆమ్లంగా మారవచ్చు. అప్పుడు షుగర్ 200 లోపే కనిపించవచ్చు, ‘షుగర్ బాగానే ఉంది కదా’ అని ఇంట్లో ఉంచేస్తారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే షుగర్ అంకె ఎంత ఉన్నా ఆసుపత్రికి పోవాల్సిందే, అక్కడ ఈ మాత్ర పేరు చెప్పాల్సిందే.

నీళ్లకు ఓఆర్‌ఎస్ మంచిది. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించిపోతుంది. కిడ్నీ నీరసించినవాళ్లు, స్పైరోనోలాక్టోన్ అనే నీటి మాత్ర వాడేవాళ్లు కొబ్బరినీళ్లు బొండాం మీద బొండాం తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. మానసిక సమస్యకు లిథియం వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గినా, నొప్పి మాత్ర తోడైనా మందు రక్తంలో పేరుకుపోతుంది. చేతులు బాగా వణకడం, తూలడం, వాంతులు కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

నొప్పి మాత్ర, కడుపు

‘మాత్ర అయితే కడుపు పాడవుతుంది, ఇంజక్షన్ వేయించుకుంటే ఏం కాదు’ అనే నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాన్ని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు రక్తం ద్వారా అణిచేస్తుంది. నోట్లో వేసినా తుంటికి వేసినా రక్తంలోకి చేరేదే. అలాగే గ్యాస్ మాత్ర కడుపును కొంత కాపాడుతుంది కానీ కిడ్నీని అసలు కాపాడదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు, కీళ్లు పట్టేసిన ఊళ్లలో ఏళ్ల తరబడి ఈ మాత్రలు మింగేవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పాలి.

60 దాటినవాళ్లు, గతంలో పుండు ఉన్నవాళ్లు, గుండెకు ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లు నొప్పికి ముందు పారాసిటమాల్, కాపడం, పూతతో నెట్టుకురావాలి. దొడ్డికి తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో వస్తే లోపల రక్తం పోతున్నట్టే. ఐరన్ మాత్రకూ నల్లగా వస్తుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. కళ్లు తిరగడం, చెమటలు తోడైతే 108కి ఫోన్ చేయండి.

షుగర్ పడిపోవడం: రంజాను, శివరాత్రి, ఆలస్యమైన సంగటి

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ తిండి ఉన్నా లేకున్నా షుగర్‌ను దించుతూనే ఉంటాయి. మాత్ర వేసుకుని సంగటి కోసం పొలంలో రెండు గంటల దాకా ఆగితే పడిపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లో చాలాసేపు ఉంటుంది, కిడ్నీ నెమ్మదించిన ముసలివాళ్లకు మరీనూ. ఇంట్లో జేజికో జేజినాయనకో ఇది రాసి ఉంటే మార్చవచ్చా అని డాక్టరును అడగండి.

రోజా ఉండేవాళ్లు రంజానుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. పొద్దున వేసుకునే పెద్ద డోసును సహరి నుంచి ఇఫ్తార్‌కు మార్చడం, కొన్నిటిని తగ్గించడం డాక్టరు చూస్తారు. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా చెడదు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విడిచేయాలి. శివరాత్రికి ఉపవాసం, జాగరణ చేసి శ్రీశైలం నడిచిపోయేవాళ్లకూ ఇవే అంకెలు.

షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, ఆకలి, తర్వాత మాట తడబడటం, చిరాకు, తికమక. తాగినట్టు ప్రవర్తిస్తున్నాడని వదిలేయకండి. బీపీకి, గుండెకు ఇచ్చే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి వాడేవాళ్లకు వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. స్పృహ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు పొడి, అంటే మూడు నాలుగు టీ చెంచాలు, అర గ్లాసు నీళ్లలో ఇవ్వండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. గ్లూకోజు లేకపోతే చక్కెర నీళ్లు. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు మాత్రం చక్కెర త్వరగా పనిచేయదు. చక్కెరను విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది కాబట్టి ఆ ఇంట్లో గ్లూకోజు పొడి ఎప్పుడూ ఉండాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, మనిషి లేచి కూర్చున్నాడని ఆసుపత్రి ప్రయాణం మానుకోవడం. మాత్ర వల్ల పడిన షుగర్ కొన్ని గంటలకు మళ్లీ పడుతుంది, ఒక్కోసారి 24 గంటలు దాటినా. లేచి కూర్చున్నా తిండి పెట్టి, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచాల్సిందే.

అసిట్రామ్, వార్ఫరిన్

గుండె కవాటం మార్చినవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు రక్తం పలచబడేందుకు వాడే ఈ మాత్రల డోసు తక్కువైతే రక్తం గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉండాలంటారు, కొన్ని కవాటాలకు ఇంకొంచెం ఎక్కువ. మీకు ఎంత ఉండాలో డాక్టరు చేత రాయించుకోండి. విరేచనాలకని మెట్రోనిడజోల్, తామరకని ఫ్లూకోనజోల్, ఇన్‌ఫెక్షన్‌కని సెప్ట్రాన్ మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే ఐఎన్‌ఆర్ పైకి పోతుంది. షాపులో అడిగి తెచ్చుకునే మందులే ఇవన్నీ. కొత్త మాత్ర మొదలైన మూడు నుంచి ఐదు రోజుల్లో పరీక్ష చేయించాలి. ఆకుకూరలు మానేయనక్కర్లేదు. తోటకూర, మునగాకు ఒక వారం రోజూ తిని మరో వారం పూర్తిగా మానేయడం వల్లే అంకె ఊగుతుంది. తుంటికి ఇంజక్షన్ వేయించుకోవద్దు, కండలో రక్తం కారి గడ్డలా ఉబ్బవచ్చు. తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నట్టు అనిపించినా స్కానింగ్ ఉన్న చోటికి పోవాలి.

వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మాత్ర

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒకే రోజు వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు, జ్వరం, రక్తకణాలు పడిపోవడం, ప్రాణం పోవడం దాకా వస్తుంది. దానితో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా పసుపు రంగు చిన్న మాత్రే కావడంతో రెండూ తారుమారు అవుతాయి. డబ్బా మీద ‘బుధవారం మాత్రమే’ లాగా ఒక వారం పేరు తెలుగులో పెద్దగా రాయండి, ఆ డబ్బా మిగతావాటితో కలపకండి.

మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు చేరడం మరో తలనొప్పి. ఆమ్లోడిపిన్‌కు పాదాలు వాస్తాయి, వాపుకు నీటి మాత్ర చేరుతుంది, దానికి సోడియం తగ్గి పెద్దాయన తికమకపడి రాత్రిపూట పడిపోతాడు, తుంటి విరుగుతుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్‌కు పొడిదగ్గు వస్తుంది, దానికి దగ్గు టానిక్కులు. కొత్త ఇబ్బంది మొదలైనప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఇది పాత మందు పనేనా?’ అని.

చర్మం, కళ్లు, కామెర్లు

మూర్ఛకు కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కు అలోపురినాల్, సెప్ట్రాన్, వీటిలో ఏదైనా మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి ఎనిమిదో వారం వరకు కళ్లు పెట్టి చూడాలి. జ్వరం, నోట్లో పుండ్లు, ఎర్రబడి మండే కళ్లు, ఒళ్లంతా నొప్పిగా ఉండే దద్దుర్లు, బొబ్బలు వస్తే ఆ పూట మాత్రే వేయకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అమ్మవారు పోసిందనుకుని వేపాకు పరిచి ఇంట్లో ఉంచితే చర్మం ఊడిపోయే దాకా వస్తుంది, చూపు పోవచ్చు. మూర్ఛ మందు ఆపితే ఫిట్స్ వస్తాయి కదా అంటే, దాని బదులు వేరేది ఆసుపత్రిలో ఇస్తారు. అందుకే ఇంట్లో ఉండకూడదు.

టీబీ మాత్రలకు మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, భయం లేదు. కానీ వాంతులు, అన్నం సహించకపోవడం, కళ్లు పచ్చబడటం మొదలైతే కాలేయం దెబ్బతింటోంది. కామెర్లని పసరు తాగించడం, వాతలు పెట్టించడం వద్దు. అదే రోజు టీబీ యూనిట్ సిబ్బందికి చెప్పండి. నిక్షయ్ (టీబీ సహాయ) ఫోను 1800-11-6666. తిరిగి ఏ మందు ముందు, ఏది తర్వాత మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఇంజక్షన్ తర్వాత కనీసం అరగంట అక్కడే కూర్చోండి. దురద, పెదవులు ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఇవ్వాల్సింది అడ్రినలిన్, పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాము తొడ కండకు. ఆవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) ఇస్తూ కూర్చోవడం ఆలస్యమే. అడ్రినలిన్ పెట్టుకోని చోట ఇంజక్షన్ వేయించుకోకండి.

సొంతంగా ఆపకూడనివి

పై భయాలు చదివి అన్నీ ఆపేస్తే అదీ ఆసుపత్రి దారే. స్టెంట్ వేశాక ఇచ్చే రెండు మాత్రలు, కవాటం మాత్ర, మూర్ఛ మందు, మూడు వారాలు దాటి వాడుతున్న స్టెరాయిడ్, అటెనొలాల్ రకం, ఇన్సులిన్, హెచ్‌ఐవీ మందులు అడగకుండా ఆపొద్దు. స్టెరాయిడ్ అకస్మాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలుతాడు. నాటు పొడి ఏళ్లుగా వాడి ఒక్కరోజులో మానేసినవాళ్లకూ ఇదే జరగవచ్చు కాబట్టి ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

ఆసుపత్రి గడప తొక్కాక

సంచి, కాగితం చేతిలో పెట్టుకుని క్యాజువాలిటీలో నాలుగు మాటలు చెప్పండి: ఏ మందులు, చివరి డోసు ఏ గంటకు, గత రెండు నెలల్లో కొత్తగా చేరింది లేదా ఆపేసింది ఏది, ఇబ్బంది మొదలైన రోజు ఏది. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజక్షన్, పసరు, పొడి దాచొద్దు. ఖాళీ సీసా, ఖాళీ స్ట్రిప్పు కూడా పారేయకుండా తీసుకెళ్లండి. షుగర్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, అసిట్రామ్ వాడేవాళ్లకు ఐఎన్‌ఆర్ చూశారా అని అడగడంలో తప్పులేదు.

మందు వల్లేనని తేలినా, అనుమానం మాత్రమే ఉన్నా రిపోర్టు చేయండి. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని 2011 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. ఉచిత ఫోను 1800-180-3024, పనిరోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు. రోగులు నింపే ఫారం తెలుగులో ఉంది. మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ విభాగాన్ని అడిగినా సాయం చేస్తారు. రుజువు అక్కర్లేదు. రోగి వివరం, అనుమానించిన మందు, ఏం జరిగింది, చెప్పేది ఎవరు, ఈ నాలుగు ఉంటే రిపోర్టు నిలుస్తుంది. బ్యాచ్ నంబరు ఉంటే ఇంకా బలం. నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫినామిక్ యాసిడ్ వల్ల జ్వరం, దద్దుర్లు, కాలేయం దెబ్బతినడం కలిసి వచ్చే ‘డ్రెస్’ అనే రియాక్షన్ గురించి 2023 నవంబరు చివర్లో ఆ కమిషన్ హెచ్చరించింది. ఇలాంటి రిపోర్టులు పోగైనందువల్లే ఆ హెచ్చరిక వచ్చింది.

డిశ్చార్జ్ కాగితం మీద పడని మందు అసలు పేరు, ఏం జరిగింది, ఏ తేదీన అనేవి రాయించుకునే బయటికి రండి. అదే పేరును ఎర్ర ఇంకుతో చిన్న అట్టముక్క మీద రాసి ఆధార్ కార్డు కవరులో వెనక్కి పెట్టండి. ఎక్కడ చేర్చినా ముందు అడిగేది ఆ కార్డునే.